గరుడబిళ్ళ మీద ఆర్పిన కర్పూరం

ఆ పొద్దున తోటకి వెళ్తుంటే దూరం నుంచే రాళ్ళు దింపుతున్న చప్పుడు వినబడింది. దగ్గరికి వెళ్ళి చూశాను. నా తోటలోకి వెళ్ళే బాటకి అడ్డంగా గుంటలు తీస్తున్నారు. నిలువెత్తు రాతి స్తంభాలు వరసగా పడేసి ఉన్నాయి. పక్కన ముళ్ళ తీగ చుట్టలు. ఇద్దరు మనుషులు గడ్డపారలతో తవ్వుతున్నారు. వాళ్ళెవరో నాకు తెలియదు. వాళ్ళని పంపినవాడెవడో మాత్రం అడగకుండానే తెలిసింది.

మాది నూజివీడుకీ ఆగిరిపల్లికీ మధ్య ఊరు. నాకున్నది రెండెకరాల మామిడి తోట. పెద్ద రసాలు, చిన్న రసాలు, ఒక మూల నాలుగు బంగినపల్లి చెట్లు. మామగారు పోయాక అన్నదమ్ములిద్దరూ పంచుకున్నప్పుడు రోడ్డు వైపు ముక్క మా మరిదికి, వెనక ముక్క మా ఆయనకి వచ్చాయి. ముందు ముక్కకి రోడ్డుంది, వెనక ముక్కలో మంచి చెట్లున్నాయి, ఇద్దరికీ సరిపోయిందన్నారు పెద్దలు. మరిది పొలం అంచున ట్రాక్టరు పట్టేంత బాట వదిలారు. ఆ బాట తప్ప నా తోటకి వేరే దారి లేదు. ఒక పక్క వాగు, రెండు పక్కల పరాయివాళ్ళ కంచెలు. మనిషైతే వంగి దూరి ఎలాగో వెళ్ళొచ్చు. కాయ ఎలా బయటికి వస్తుంది?

అప్పటికి కాయ టెంక ముదిరింది. కాయ బండెక్కాక డబ్బిచ్చేట్టు కాపు మొత్తం చెట్టు మీదే బేరమాడుకున్న నూజివీడు షావుకారు మైలవరం నుంచి కోత మనుషుల్ని కూడా మాట్లాడి పెట్టాడు. గురువారం కోత. నేను స్తంభాలు చూసింది సోమవారం. సాయంత్రమయ్యేసరికి రోజూ ఉత్తరాన మబ్బు పట్టి గాలి లేస్తోంది. తోట ఉన్నవాళ్ళకి ఆ గాలి సంగతి నేను చెప్పక్కర్లేదు. ఒక్క దుమారం చాలు, ఏడాది కష్టమంతా నేల మీద పడి పగులుతుంది.

బాటకి కాగితం లేదు. ఉన్నది ప్రమాణం ఒక్కటే.

మా ఆయన గుండె ఆగి పోయి ఏడేళ్ళు. పెద్దకర్మ అయ్యి, ఇల్లు శుద్ధి చేసుకున్న రోజున, అప్పటికి బతికే ఉన్న మా అత్తగారు రెండో కొడుకుని పిలిచి దేవుడి గూటి ముందు కూర్చోబెట్టింది. "మీ అన్న లేడు. ఇయ్యాళ ఉన్న బుద్ధి రేపుండదు. వదిన బాట ఎప్పటికీ మూయనని గరుడబిళ్ళ మీద కర్పూరం ఆర్పు" అంది. మరిది ఏడుస్తూనే ఉన్నాడు. తమలపాకులో వెలుగుతున్న కర్పూరాన్ని అరచేత్తో ఆర్పి, ఆ చెయ్యి తీసి బిళ్ళ మీద ఆనించి, "మూయనమ్మా, నా పిల్లల మీద ఒట్టు, మూయను" అన్నాడు. చెయ్యి కాలి బొబ్బ కూడా ఎక్కింది. నేనే వెన్న రాశాను.

గరుడబిళ్ళ మా ఇంటి దేవుడు. అరచేతిలో సగం ఉంటుంది. కంచు బిళ్ళ, బాగా మందం, చేతిలో పెట్టుకుంటే బరువు తెలుస్తుంది. మామగారి తాత బందరు రేవు నుంచి తెచ్చాడని ఒకరంటారు, బావి తవ్వుతుంటే దొరికిందని ఒకరంటారు. నిజం ఎవరికీ తెలియదు. పైవైపు రెక్కలు ముడుచుకుని నిలబడ్డ పక్షి. గరుత్మంతుడు. కాళ్ళ కింద పొడుగ్గా ఏదో తొక్కిపెట్టి ఉంటాడు. పాము అనుకునేవాళ్ళం. గరుత్మంతుడు తొక్కేది ఇంకేముంటుంది? నడిమధ్యన చిన్న గుంట, కుంకం పెట్టమన్నట్టే. శనివారం శనివారం చింతపండుతో తోమి, ఆ గుంటలో కుంకం పెట్టి, తులసి దళం వేసేదాన్ని. మా అత్త చేసింది, ఆవిడ అత్త చేసింది, నేనూ చేశాను.

బిళ్ళకి రెండో వైపు ఉంది. ఆ వైపు చూడకూడదని మా ఇంటి కట్టడి. తోమేటప్పుడు కళ్ళు మూసుకుని వేళ్ళతోనే తోమాలి. ఎందుకని అడిగితే, "స్వామి పీఠం, చూడకూడదు" అనేది అత్తగారు. అంతకంటే ఆవిడకీ తెలిసుండదు.

ఆ సోమవారం స్తంభాల దగ్గర నుంచి నేరుగా మరిది ఇంటికి వెళ్ళాను. మోటారు స్టార్టరు విప్పి అరుగు మీద పెట్టుకుని కూర్చున్నాడు. నన్ను చూసి తలెత్తలేదు.

"ఏమయ్యా, బాట మీద రాళ్ళేంటి?" అన్నాను.

"రాళ్ళు కాదొదినా, ఫెన్సింగు. పొలం అమ్మేస్తున్నాం. వెంచర్ వేస్తారంట. చుట్టూ మూసి అప్పజెప్పమన్నారు."

"మరి నేనేం చెయ్యాలి?"

"వాగు వైపు నుంచి చేసుకో."

"వాగులోంచి ట్రాక్టరు ఎట్టా వస్తది? ఈతకొట్టుకుంటానా?"

మా తోడికోడలు మంచినీళ్ళు తెచ్చి నిలబడింది. నేను పుచ్చుకోలేదు. ఆమె మనిషి చెడ్డది కాదు. గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది, లోపలికి వెళ్ళాలో ఉండాలో తెలియనట్టు.

"గరుడబిళ్ళ మీద కర్పూరం ఆర్పావు నువ్వు. మీ అమ్మ కళ్ళ ముందు" అన్నాను.

ఆ మాట కోసమే కాచుకుని ఉన్నట్టు స్క్రూడ్రైవరు కింద పెట్టి, చొక్కాకి చేతులు తుడుచుకుని, జేబులోంచి ఫోన్ తీశాడు. పోయిన నెల మా ఇంటికి భోజనానికి వచ్చినప్పుడు గూట్లో బిళ్ళని ఫోటో తీసుకున్నాడు. భక్తి పుట్టిందనుకుని సంతోషపడ్డాను కూడా.

"ఇదిగో చూడు. ఫోటో పెడితే ఫోనే చెప్పింది. ఇట్టాంటివి బోలెడున్నాయి. ఇది గరుత్మంతుడూ కాదు, గంగమ్మా కాదు. గ్రీకు దేశపు డబ్బు. రాగి పైసా లాంటిది. ఆ పక్షి వాళ్ళ గద్ద. వెనక వైపు చూశావా ఎప్పుడన్నా?" అని ఫోన్ నా మొహం మీదికి తెచ్చాడు.

ఫోన్‌లో గడ్డం మనిషి తల. చెవి పక్క నుంచి చుట్టుకుపోయిన కొమ్ము. నేను కళ్ళు మూసుకున్నాను.

"మూసుకుంటావేంటి? ఇన్నాళ్ళూ నువ్వు తోమిన పీఠం ఇదే" అన్నాడు. "కొమ్ములోడి మీద చేయించి, దేవుడి మీద ప్రమాణం అంటే ఎట్టా కుదురుద్ది? ఆ రోజు నేను పట్టుకుంది పైసా. పైసా మీద ఎవడైనా ఒట్టేస్తాడా?"

నోరు పెద్దదని ఊళ్ళో నాకు పేరు. ఆ రోజు ఆ నోరు ఎటు పోయిందో. వచ్చేస్తుంటే తోడికోడలు గేటు దాకా వచ్చి, "అక్కా, ఆయనకి ఆ కొనేవాళ్ళు అడ్వాన్సు చేతిలో పెట్టారు, ఇంక వినడు" అని గుసగుసగా చెప్పింది.

ఇంటికి వచ్చి తలుపు వేసుకున్నాను. మిట్టమధ్యాహ్నం. దేవుడి గూటి ముందు కూర్చుని బిళ్ళ చేతిలోకి తీసుకున్నాను. కాపురానికి వచ్చిన దగ్గర నుంచి మొదటిసారి కళ్ళు తెరిచి తిప్పి చూశాను. అదే మొహం. గడ్డం, జుట్టుకి కట్టిన పట్టీ, చెవి చుట్టూ తిరిగిన కొమ్ము. కొమ్ము చుట్ట మీద వేలు పెట్టాను. ఆ చుట్ట నా వేలికి ఎప్పటి నుంచో తెలుసు. తోమిన ప్రతి శనివారం తగిలేది. నేను దాన్ని స్వామి శంఖం అనుకునేదాన్ని.

భయమేసింది. అబద్ధం చెప్పను, బాట కంటే ముందు అదే భయమేసింది. ఇన్నేళ్ళూ ఎవరికి మొక్కాను? మా ఆయనకి గుండెనొప్పి వచ్చి ఆటోలో నూజివీడు తీసుకెళ్తుంటే, ఈ బిళ్ళనే కొంగున కట్టుకుని, "గరుత్మంతా, నువ్వే దిక్కు" అనుకుంటూ కూర్చున్నాను. ఆ పిలుపు ఎవరికి చేరినట్టు? ఎవరికీ చేరలేదేమో, అందుకే పోయాడేమో అనిపించింది. ఆఖరికి లేచి, పక్షి వైపు పైకి ఉండేట్టు గూట్లో పెట్టేశాను. కుంకం పెట్టబుద్ధి కాలేదు.

షావుకారు ఫోన్ చేశాడు. "అమ్మా, బాట మూసేస్తున్నారంటగా. నా కోత మనుషులకి గురువారం చెప్పుకున్నా. బండి లోపలికి రాకపోతే నేనేం చెయ్యలేను, వాళ్ళని వేరే తోటకి తిప్పుకుంటా. తర్వాత నన్ననకండి" అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. మర్యాదగా చెప్పినా అర్థం అదే. ఈ తోట కాపే నాకు ఏడాది తిండి.

మంగళవారం పొద్దున్నే పాత ప్రెసిడెంటు గారింటికి వెళ్ళాను. పదవి పోయి చాలా ఏళ్ళయినా, ఊళ్ళో తగువు వస్తే ఆయన దగ్గరికే వెళ్తారు. మామగారి ఈడు మనిషి. అంతా విని, "ఎమ్మార్వో ఆఫీసుకి వెళ్తానంటే వెళ్ళమ్మా, కాదన్ను. వాళ్ళు కొలతలకి వచ్చేసరికి నీ కాయ పండి, రాలి, టెంక మొలకెత్తి, ఆ మొక్క కూడా కాపుకొస్తది" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. ఆయనకీ రాలేదు. "రేపు పొద్దున కాయ షెడ్డు దగ్గర కూర్చుందాం. ఆ బిళ్ళ పట్టుకురా. హైస్కూల్లో సోషల్ చెప్పిన మాస్టారికి పాత నాణేల పిచ్చి. ఆయన్నీ పిలుస్తా. అది ఏంటో ముందు తేలనీ" అన్నాడు.

తేలితే నా గతేంటో ఆయన చెప్పలేదు.

ఆ సాయంత్రం గాలి లేచింది. అప్పటికే బాటకి అడ్డంగా స్తంభాలు పాతి ముళ్ళ తీగ లాగేశారు, దాని కింద నుంచి దూరి తోటలోకి వెళ్ళాను. పెద్ద రసాల కొమ్మలు ఊగుతుంటే ఒక్కొక్క కాయా ధబ్‌మని రాలుతోంది. గంప పట్టుకుని ఏరాను. సొన కారి చేతులు మండుతున్నాయి. రెండు గంపలు నిండాయి. వాటిని కంచె దాటించడానికే నా నడుం విరిగింది. తోటంతా ఇట్లా దాటించాలంటే నా బతుకు చాలదు. అదృష్టం, గాలి తొందరగా తగ్గింది.

బుధవారం తలస్నానం చేసి, బిళ్ళని తమలపాకులో పెట్టుకుని షెడ్డుకి వెళ్ళాను. రేకుల షెడ్డు. సీజను మొదలైందేమో, ఒక పక్క ప్లాస్టిక్ ట్రేలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి, నేలంతా వరిగడ్డి. నడుమ ఒక బల్ల. ప్రెసిడెంటు గారు, మాస్టారు, ఊళ్ళో నలుగురైదుగురు. మరిది ప్యాంటూ చొక్కా వేసుకుని వచ్చాడు, మధ్యాహ్నం కొనేవాళ్ళని కలవాలంట. తోడికోడలు స్తంభానికి ఆనుకుని నిలబడింది.

బల్ల మీద ఆకు పెట్టాను. మాస్టారు చెప్పులు విడిచి వచ్చి, భూతద్దం తీసి వంగాడు. ఎంతసేపు చూశాడో! ఆ వంగిన వీపునే చూస్తూ నిలబడ్డాను. ఆయన నోట ఏ మాట వస్తే నా తోట దానితోనే పోతుంది.

"ఎవరమ్మా దీన్ని తోమేది?" అన్నాడు ముందు.

"నేనేనండి. చింతపండుతో."

"అయ్యో తల్లీ! పాత కంచు మీద పచ్చటి పొర కడుతుంది. దాన్ని ముట్టుకోకూడదు. రాతలన్నీ అరగదోశారు కదమ్మా మీ ఇంటి కోడళ్ళు!"

"తోమకపోతే మా అత్త ఊరుకునేదా అండి?" అన్నాను. ఎవరో నవ్వారు.

"సరే, చెప్పండి మాస్టారూ, గరుడా కాదా?" అన్నాడు ప్రెసిడెంటు గారు.

మాస్టారు నిటారుగా నిలబడ్డాడు. అబద్ధం చెప్పే మనిషి కాదాయన, ఆ సంగతి ఊరందరికీ తెలుసు. "కాదండి" అన్నాడు. "ఈజిప్టు దేశాన్ని గ్రీకు రాజులు ఏలినప్పటి నాణెం. రెండు వేల ఏళ్ళు దాటింది. ఇది గద్ద. వాళ్ళ పెద్ద దేవుడి పక్షి. కాళ్ళ కింద ఉన్నది పాము కాదు, పిడుగు. ఆ దేవుడి ఆయుధం."

"దేవుడి పేరేంటి మాస్టారూ?"

"జ్యూస్ అంటారు."

"మన మామిడిపళ్ళ ఫ్యాక్టరీలో తీసేదేనా?" అన్నాడు వెనక నుంచి ఒకడు. అందరూ ఘొల్లున నవ్వారు. మాస్టారూ నవ్వాడు.

ఆయనే అద్దం అంచుతో బిళ్ళని జాగ్రత్తగా తిప్పాడు. షెడ్డులో నవ్వు ఆగిపోయింది. ఆ మొహాన్ని ఊరంతా చూస్తోంది. తోడికోడలు కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

"ఇదీ ఆ దేవుడే. కొమ్ములు పొట్టేలువి. రాక్షసుడు కాదు, భయపడకండి. ఈజిప్టు వాళ్ళకి పొట్టేలు కొమ్ముల దేవుడొకడు ఉన్నాడు. గ్రీకు వాళ్ళు వచ్చి, మీ దేవుడూ మా దేవుడూ ఒకడేనని ఇద్దర్నీ కలిపేశారు. వాళ్ళవాళ్ళ గుళ్ళు, వాళ్ళవాళ్ళ మొక్కులు, నాణెం మీద మాత్రం ఒకే మొహం" అన్నాడు.

మరిది లేచాడు. "విన్నారుగా. నేను చెప్పింది కాదు, మాస్టారు చెప్పారు. గరుత్మంతుడు కాదు. మన దేవుడే కానప్పుడు ఆ ఒట్టు ఎవరి లెక్కలోది? నాకు వదినంటే కోపం లేదు. మా అమ్మకి తెలియక చేయించింది, నాకూ తెలియక ఆర్పాను."

ఒకళ్ళిద్దరు తలలు ఊపారు. "నిజమే మరి. తప్పు అడ్రసుకేసిన ఉత్తరం చేరుద్దా?" అన్నాడు ఒక పెద్దమనిషి.

మాస్టారు అద్దం జేబులో పెట్టుకుంటూ, "ఒక మాట చెప్పాలి, చెప్పకపోతే తప్పవుతుంది. ఆ గ్రీకు జనం ఒట్టు పెట్టుకునేది ఈయన మీదే. మాట తప్పినవాణ్ణి పట్టుకునే పని ఈయనకే అప్పజెప్పారు వాళ్ళు" అన్నాడు.

నాలో ఆశ లేచింది. మరిది నవ్వి ఆ ఆశని అక్కడే చంపేశాడు. "ఏంటి మాస్టారూ, మన ఊరి ట్రాన్స్‌ఫార్మరు మీద పడే పిడుగు కూడా ఆయన ఏసేదేనా? అంత దూరం నుంచా?" అన్నాడు. మళ్ళీ అందరూ నవ్వారు. ప్రెసిడెంటు గారు కూడా గడ్డం గోక్కుంటూ కింద చూశాడు. ఆయన ఏమనబోతున్నాడో నాకు అర్థమైపోయింది. "సర్దుకో అమ్మా" అంటాడు. ఆ మాట ఆయన నోట్లోంచి వచ్చిందంటే ఇక ఎవరూ వెనక్కి తియ్యలేరు.

నేను ఆలోచించి మాట్లాడలేదు. నోరే మాట్లాడింది.

"సరేనయ్యా. దేవుడు కాదు. ఒప్పుకున్నా" అన్నాను. "అయితే అది మీ తాత సొత్తు. నాకెంత హక్కుందో నీకూ అంత ఉంది. ఇన్నాళ్ళూ నా ఇంట్లో ఉంది, ఇప్పుడు నువ్వు తీసుకో. ఆ కొమ్ముల మొహం పైకే ఉంది, అట్టాగే తీసి నీ ప్యాంటు వెనక జేబులో పెట్టుకో. పెట్టుకుని, ఆ కుర్చీలో కూర్చో. నువ్వు దాని మీద కూర్చున్నావంటే నేను ఇంటికి పోతా. బాట మూసుకో, తోట కూడా మూసుకో. నేను నోరెత్తితే అడుగు."

"అక్కా, అవేం మాటలు!" అంది తోడికోడలు.

"పైసాయే కదే. పైసా జేబులో పెట్టుకోడానికి మీ ఆయనకి ఏమైంది?"

ప్రెసిడెంటు గారు మరిది వైపు చూశాడు. "సరే, తీసుకో" అన్నాడు మెల్లిగా.

మరిది వచ్చాడు. "దీనికింత నాటకమా" అంటూ బిళ్ళ ఎత్తాడు. ఎడం చేత్తోనే ఎత్తాడు, కావాలనే. వాడు కూర్చుంటే నా పని అయిపోయినట్టే. మాటంటే మాట, అందరి ముందూ అన్నాను. ఆ చెయ్యి వెనక్కి వెళ్ళింది. జేబు దాకా వెళ్ళింది. "ఏమండీ, వద్దండీ, పిల్లలున్నారు" అంది తోడికోడలు. "నువ్వుండవే" అన్నాడు. బిళ్ళ అంచు జేబుకి తగిలింది, నేను చూశాను.

అక్కడే ఆగింది ఆ చెయ్యి.

మెడ మీద చెమట కారుతోంది వాడికి. కుర్చీ వైపు చూశాడు. మాస్టారి వైపు చూశాడు. తర్వాత, ఎవరూ ఏమీ అనకుండానే, చెయ్యి ముందుకు తెచ్చి బిళ్ళని కుడిచేతిలోకి మార్చుకుని తమలపాకు మీద పెట్టాడు. పక్షి వైపు పైకి పెట్టాడు. పెట్టి, ఆ చేతివేళ్ళు కళ్ళకద్దుకున్నాడు.

అద్దుకున్నానని వాడికే తెలియదు. అందరి మొహాలూ చూశాక తెలిసింది. చెయ్యి చటుక్కున దించేశాడు.

"అది... అలవాటండి" అన్నాడు.

"అలవాటేరా" అన్నాడు ప్రెసిడెంటు గారు. "మీ అమ్మ చేసిన అలవాటు. ఆ రోజు కర్పూరం ఆర్పింది కూడా ఆ చెయ్యే కదా? పేరు గరుత్మంతుడో, మాస్టారు చెప్పిన ఆయనో, నీ చేతికి తెలుసు అది ఏంటో. ఇంక కూర్చో. కుర్చీలో కూర్చో, జేబులో ఏం లేదులే."

ఈసారి ఎవరూ నవ్వలేదు.

అంతటితో అయిపోలేదు. వాడు అంత తేలిగ్గా వదిలే మనిషి కాదు. "ఈ కోత వరకు వదులుతా" అన్నాడు.

"ఈ కోతకని ఆర్పావా కర్పూరం?" అన్నాను.

"కొనేవాళ్ళకి నేనేం చెప్పుకోవాలి?"

"పక్కన బాట ఉందని చెప్పు" అన్నాడు ప్రెసిడెంటు గారు. "మొదటే చెప్పాల్సింది. బాట ఉందని తెలిస్తే కొంటారో, మానేస్తారో అది వాళ్ళిష్టం."

"వాళ్ళు మానేస్తే?"

"మానేస్తే మామిడి మొక్కలు పెట్టు. మన దగ్గర అదేమన్నా కొత్తా?"

నేను అప్పుడు ఇంకో మాట అన్నాను. ఎందుకన్నానో నాకు బాగా తెలుసు. "ఇదంతా కాగితం మీద రాయండి" అన్నాను. వాడు చురుగ్గా చూశాడు. "ఇప్పుడే దేవుడన్నావుగా, మళ్ళీ కాగితమెందుకు?" అన్నాడు. "దేవుడు ఎవరో ఇంకా తేల్చుకోలేదు నేను. కాగితం ఏంటో మాత్రం తెలుసు" అన్నాను. మాస్టారే రాశాడు. మరిది సంతకం పెట్టాడు. నాకు వచ్చిన చదువు నా పేరు రాసుకోవడం వరకే, వంకర టింకరగా నేనూ పెట్టాను. మాస్టారు, ప్రెసిడెంటు గారు సాక్షులు. ఆ కాగితం తర్వాత నూజివీడులో రిజిస్టరు చేయించాను. దానికి ఇంకో మూడు తిరుగుళ్ళు పట్టాయి, అది వేరే కథ.

మాస్టారు వెళ్తూ నా దగ్గర ఆగి, "అమ్మా, ఇకనైనా చింతపండు మానెయ్యండి" అన్నాడు. చూస్తానన్నాను. ఆయనకి మాటైతే ఇవ్వలేదు. ఆయన చెప్పిన పొట్టేలు కొమ్ముల సంగతి మాత్రం నాకు బాగా గుర్తుండిపోయింది. ఒక దేశం వాళ్ళు ఇంకో దేశపు దేవుణ్ణి తమవాడిలో కలుపుకున్నారంటే, మా ఇంటి ఆడవాళ్ళు చేసింది కూడా అట్లాంటిదేనేమో. నాకు చదువు లేదు, ఇది ఒప్పో తప్పో తెలియదు. నేను చెబుతుంటే ఇది రాస్తున్న మా అమ్మాయి ఒప్పే అంటోంది. నా మనసు మాత్రం ఇంకా పూర్తిగా కుదుటపడలేదు. ఆటోలో కూర్చుని పిలిచిన ఆ పిలుపు సంగతి నన్ను ఇప్పటికీ తొలుస్తూనే ఉంది.

గురువారం తెల్లారేసరికి మైలవరం మనుషులు కాయ కోసే చిక్కాలు భుజాన వేసుకుని దిగారు. వాళ్ళ వెనకే షావుకారి ట్రాక్టరు. నాకు లోపల ఒకటే దడ, కాగితం మీద సంతకం పెట్టినా పొద్దున్నే మనసు మార్చుకుంటే ఏం చెయ్యాలని. బాట దగ్గరికి వెళ్ళేసరికి మరిది అక్కడున్నాడు. లుంగీ ఎగ్గట్టుకుని, తనే గడ్డపార పట్టుకుని, అడ్డంగా పాతిన రెండు స్తంభాలు పెకలిస్తున్నాడు. విప్పిన తీగ పక్కన ఉంది, ఒక స్తంభం అప్పటికే పడి ఉంది. రెండోది సిమెంటు పట్టి రానంటోంది. కోత మనుషుల్లో ఇద్దరు వెళ్ళి చెయ్యి వేశారు. ముగ్గురూ ఊపి ఊపి లాగారు. వాడు నా వైపు చూడలేదు, నేనూ పిలవలేదు.

రాయి వచ్చింది. గుంటలో మట్టి కాలితో తోసి తొక్కాడు, బండి చక్రం దిగబడకుండా. ట్రాక్టరు కదిలింది. ఆ సందు సరిగ్గా వెనక తగిలించిన ట్రక్కంతే ఉంది. పక్కన మిగిలిన స్తంభానికి ట్రక్కు మూల రాసుకుని కీచుమంది. అప్పుడు మరిది బండికి ముందు పరిగెత్తి, డ్రైవరు మీద గట్టిగా అరిచాడు.

"కళ్ళు నెత్తి మీదున్నాయా? కుడికి కొయ్యి, కుడికి! వచ్చేటప్పుడు కాయతో వస్తావు, అప్పుడు కూడా ఇట్టాగే గుద్దుతావా?"

అట్లా అరుస్తూనే బండికి ముందు వెనక్కి వెనక్కి నడుస్తూ, చేత్తో దారి చూపిస్తూ, తోట మొదటి చెట్టు దాకా తీసుకొచ్చి వదిలి, తన పొలం వైపు వెళ్ళిపోయాడు.